పద్దెనిమిదిలో పన్నెండు

2018 డిసెంబరు 11న తెలంగాణ అసెంబ్లీ ఓట్ల లెక్కింపు జరుగుతుంటే నేను టీవీ ముందు రూళ్ల నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. 119 నియోజకవర్గాలు, పక్కన గెలిచినవారి పేరు, ఆ పక్కన పార్టీ. రాత్రికి లెక్క తేలింది. టీఆర్‌ఎస్ 88, కాంగ్రెస్ 19, మజ్లిస్ 7, తెలుగుదేశం 2, బీజేపీ, ఫార్వర్డ్ బ్లాక్, స్వతంత్రుడు ఒక్కొక్కటి. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పేజీలు కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా తయారయ్యాయి. పార్టీ గడిలో అడ్డగీతలు, పైన ఇరికించి రాసిన టీఆర్‌ఎస్. మా నాన్న చూసి, "ఇంతమంది బాకీ ఎవరు తీర్చారురా?" అన్నారు.

88 మంది అంటే సాధారణ మెజారిటీకి కావలసినదానికన్నా 28 మంది ఎక్కువ. ప్రభుత్వం పడిపోతుందన్న భయం కలలోనైనా అక్కర్లేదు. డిసెంబరు 13న ముఖ్యమంత్రి కేసీఆర్, ఆయనతో పాటు ఒక్క మహమూద్ అలీ ప్రమాణం చేశారు. మంత్రివర్గ విస్తరణ ఫిబ్రవరి 19న జరిగింది. అంటే రాష్ట్రాన్ని నడపడానికి రెండు నెలలకు పైగా ఇద్దరు సరిపోయారు. సభలో మాత్రం 88 మంది సరిపోలేదు!

మార్చి మొదట్లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఆత్రం సక్కు, రేగా కాంతారావు పార్టీ మారుతున్నామని ప్రకటించారు. ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరు. అందరి నోటా ఒకే మాట, నియోజకవర్గ అభివృద్ధి. (ప్రతిపక్ష ఎమ్మెల్యే గెలిచిన చోట రోడ్డు వేయరని అధికార పార్టీ ఎన్నడూ చెప్పలేదు. ఆ సంగతి వీళ్లే ఊరూరా చాటారు.) జూన్ నాటికి పదకొండు మంది అయ్యారు. వారిని అనర్హులుగా ప్రకటించమని కాంగ్రెస్ ఇచ్చిన ఫిర్యాదులు స్పీకర్ దగ్గరే ఉన్నాయి.

ఇక్కడి నుంచి లెక్కల క్లాసు. పార్టీ మారితే సభ్యత్వం పోవాలన్న పదో షెడ్యూలు 1985లో రాజ్యాంగంలోకి వచ్చింది. మూడింట ఒక వంతు మంది చీలితే తప్పులేదన్న వెసులుబాటును 2003లో తీసేశారు. కానీ విలీనం అనే సందు మిగిలిపోయింది. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఎవరి పదవీ పోదు. 19లో రెండు వంతులంటే 13 మంది కావాలి. ఆ సమయంలోనే హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్గొండ ఎంపీగా గెలవడంతో అసెంబ్లీకి రాజీనామా చేశారు. 19 కాస్తా 18 అయింది, 13 కాస్తా 12 అయింది. ఆ వెంటనే, జూన్ 6న, తాండూరు ఎమ్మెల్యే పైలట్ రోహిత్‌రెడ్డి పన్నెండోవారయ్యారు. అదే రోజు స్పీకర్‌కు లేఖ, అదే రోజు విలీనానికి ఆమోదం. మూడు నెలలుగా కదలని ఫైళ్ల పక్కనే ఈ లేఖ గంటల్లో కదిలింది.

విలీనమట! నాంపల్లిలో కాంగ్రెస్ ఆఫీసు గాంధీభవన్ ఉన్నచోటే ఉంది. ఢిల్లీలో పార్టీ ఉన్నచోటే ఉంది. అప్పటి లోక్‌సభలో దానికి యాభై మందికి పైగా ఎంపీలుండేవారు. అలాంటి పార్టీలో ఏది వెళ్లి దేనిలో కలిసింది? పన్నెండు మంది కుర్చీలు మారారు, అంతే.

స్పీకర్ పోచారం శ్రీనివాస్‌రెడ్డిని సభ ఏకగ్రీవంగా ఎన్నుకుంది. పెద్దమనిషి అని పేరు. ఆయనను తిట్టి నాకు ఒరిగేదేమీ లేదు. అధికార పార్టీ టికెట్ మీద గెలిచి, రేపు మళ్లీ ఆ పార్టీ టికెట్టే అడగాల్సిన మనిషిని తెచ్చి, ఆ పార్టీలోకి దూకినవారిపై తీర్పు చెప్పమనడం ఏం న్యాయం? ఈ పనిని స్పీకర్ల చేతిలోంచి తీసి ట్రైబ్యునల్‌కు ఇచ్చే సంగతి ఆలోచించమని సుప్రీంకోర్టు 2020లో మణిపూర్ కేసులో పార్లమెంటుకు చెప్పింది. పార్లమెంటులో ఏ పార్టీకీ ఆ తొందర లేదు.

కాంగ్రెస్‌కు ఆరుగురు మిగిలారు. భట్టి విక్రమార్క ప్రతిపక్ష నేత హోదా పోయింది. ఏడుగురున్న మజ్లిస్ పెద్ద ప్రతిపక్షమైంది. ప్రభుత్వ ఖర్చును తరచి చూడవలసిన ప్రజాపద్దుల కమిటీ అధ్యక్ష పదవి, ప్రభుత్వానికి మిత్రపక్షంగానే మెలిగిన ఆ పార్టీకి వెళ్లింది. నన్ను ఇప్పటికీ ఎక్కువగా మండించేది ఇదే. ఎమ్మెల్యే కండువా మారిస్తే ఆ ఒక్క నియోజకవర్గమే మోసపోతుంది. లెక్క అడిగే మనిషి లేకుండా పోతే రాష్ట్రమంతా మోసపోతుంది.

2022 అక్టోబరులో మొయినాబాద్ ఫామ్‌హౌస్ వ్యవహారం బయటపడింది. బీజేపీలోకి రమ్మని తనను ప్రలోభపెట్టారని ఫిర్యాదు చేసింది ఆ పన్నెండో మనిషి రోహిత్‌రెడ్డే. అక్కడున్న నలుగురు ఎమ్మెల్యేలలో ముగ్గురు 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవారే. ఆ వారమంతా ప్రజాస్వామ్యాన్ని కాపాడాలని టీవీలో ఉపన్యాసాలు. నేను నోటుబుక్కు తీసి ఆ మూడు అడ్డగీతలూ చూసుకుని టీవీ కట్టేశాను.

2023లో ఓటర్లు తమ లెక్క తాము చూసుకున్నారు. పన్నెండు మందిలో మళ్లీ సభలో అడుగుపెట్టింది సబితా ఇంద్రారెడ్డి, సుధీర్‌రెడ్డి మాత్రమే. స్పీకర్‌గా చేసినవారు తర్వాతి ఎన్నికల్లో ఓడిపోతారన్న నానుడిని కాదని బాన్సువాడలో పోచారం గెలిచారు. కాంగ్రెస్ అధికారంలోకి రావడంతో, 2019లో విలీనానికి నిరసనగా నిరాహారదీక్షకు కూర్చున్న భట్టి ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఇక గోడలు దూకడం ఆగుతుందని నేను కూడా అనుకున్నాను, అమాయకంగా.

కొత్త నోటుబుక్కులో బాన్సువాడ వరుస దగ్గర పోచారం, బీఆర్‌ఎస్ (టీఆర్‌ఎస్ కొత్త పేరు) అని రాసుకున్నాను. 2024 జూన్ 21న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి స్వయంగా ఆయన ఇంటికి వెళ్లి కాంగ్రెస్ కండువా కప్పారు. ఆనాడు పన్నెండు మంది విలీనానికి ఆమోదముద్ర వేసిన మనిషిపై అనర్హత పిటిషన్ ఈసారి గడ్డం ప్రసాద్‌కుమార్ అనే కొత్త స్పీకర్ బల్ల మీదికి చేరింది. అలాంటివారు పదిమంది ఉన్నారు. నిర్ణయానికి మూడు నెలలు మించవద్దని 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. నాన్న ఈసారి ఏమీ అడగలేదు. అడ్డగీత గీయడానికి స్కేలు అందించారు.