మీడియం వేవ్‌ను మూసేస్తే సముద్రానికి కబురెలా?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను గురించి విశాఖ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు పోయింది, సెల్ టవర్లు పడకేశాయి. రెండు వీధుల అవతల ఉన్న మా చెల్లెలి కుటుంబం ఎలా ఉందో తెలియక, పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్లాం. అలాంటి ఊళ్లో కబుర్లు అందించడానికి చివరికి హామ్ రేడియో వాళ్లే, అంటే లైసెన్సు తీసుకుని సొంత రేడియో సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఔత్సాహికులే, దిక్కయ్యారు. వాళ్ల దగ్గర ఉన్నదల్లా సెట్టు, బ్యాటరీ, యాంటెన్నా.

అందుకే, మీడియం వేవ్, అంటే ఆకాశవాణి పాతకాలం నుంచి వాడుతున్న రేడియో ప్రసారం, పాతబడింది, ఇక మూసేద్దాం అనే మాట వింటే నాకు టెన్షన్ వస్తుంది. ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. కొండ అడ్డొస్తే బలహీనపడతాయి, దూరం పెరిగితే అందవు. మీడియం వేవ్ అలా కాదు, నేలను అంటుకుని పాకుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది కాబట్టి, ఆ తరంగం నేల మీదకన్నా సముద్రం మీద చాలా దూరం పోతుంది. ఫిషింగ్ హార్బర్ నుంచి బయల్దేరిన బోటు తీరం దాటి కాస్త దూరం వెళ్లేసరికి ఫోనులో సిగ్నల్ ఉండదు. అక్కడ బోటు నడిపే సరంగు చేతిలోని చిన్న ట్రాన్సిస్టర్‌కు 927 కిలోహెర్ట్జ్ మీద విశాఖ ఆకాశవాణి దొరికితే, మధ్యలో ఏ టవరూ అక్కర్లేదు. గరగర ఎక్కువైతే సెట్టును కాస్త అటూ ఇటూ తిప్పితే చాలు, లోపలి యాంటెన్నా దిక్కు కుదిరి మాట తేటపడుతుంది. రెండు పెన్సిల్ సెల్స్‌తో రోజుల తరబడి పనిచేసే యంత్రం ఇంకేముంది?

వినేవాళ్లు లేరు, కరెంటు ఖర్చు దండగ, హెచ్చరికలు ఫోనుకే వస్తున్నాయి కదా అంటారు. నిజమే, వస్తున్నాయి, టవర్ నిలబడి ఉన్నంతసేపు. ఫోన్లలో ఎఫ్‌ఎం రిసీవర్‌ను పనిచేయనివ్వమని 2023లో కేంద్రమే తయారీదారులకు చెప్పింది. విపత్తులో రేడియో అవసరమని సర్కారుకూ తెలుసన్నమాట.

అసలు సంగతి ఇంకా పెద్దది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఆ ఆస్తి మనకేం ఇస్తోంది? ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చు. మధురవాడలో నీళ్లు ఎందుకు రాలేదో, గాజువాకలో పొగ ఎందుకు కమ్ముకుందో మన ఊరి ప్రైవేటు స్టేషన్ మనకు వార్తగా చెప్పడానికి వీల్లేదు. ఇక పాటలు, ప్రకటనలు తప్ప ఏం మిగులుతాయి? ఈ ఊరి యాసలో ఈ ఊరి కష్టం వినిపించకపోతే ఆ తరంగం మనదెలా అవుతుంది?

పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే పన్నెండేళ్ల పిల్లలైనా సొంత కాల్ సైన్‌తో, అంటే రేడియోలో తమను గుర్తించే పేరుతో, మాట్లాడగల తావు ఒక్క హామ్ రేడియోనే. విశాఖలో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ప్రతి కాలేజీలో ఒక హామ్ స్టేషన్ పెట్టాలి. వేటకెళ్లే ప్రతి బోటులో ఐసుతో పాటు ఒక మీడియం వేవ్ సెట్టు ఉండాలి. దాని ఖర్చు ప్రభుత్వం భరించాలి, వచ్చే తుఫాను సీజన్ మొదలయ్యేలోపే.