చెప్పులతోపాటు ధైర్యమూ బయటే

మన కాలేజీల కంప్యూటర్ ల్యాబుల మీద ఈమధ్య కొందరు నోరు పారేసుకుంటున్నారు. పిల్లలకు అక్కడ ఏమీ రావడం లేదట. అపచారం! భయం వస్తోంది కదా. అదేమన్నా ఊరికే వస్తుందా? రెండు బొటనవేళ్ళతో ఫోనులో లోకాన్ని ఏలుతూ వచ్చిన కుర్రాడికి మూడు గంటల పీరియడులో చేతులు వణికించాలంటే దానికో పద్ధతి ఉండాలి.

ముందు చెప్పులు విప్పించాలి. మానిటర్ మీద దసరానాటి కుంకుమబొట్టు ఇంకా మిగిలి ఉంటే మరీ శ్రేష్ఠం. పూజించే వస్తువు జోలికి ఎవడూ పోడు. ఆపైన సిస్టమ్‌కు ముగ్గురు. కాస్త పని వచ్చినవాడు కీబోర్డు దగ్గర, వాడి నేస్తం మౌసు దగ్గర. మూడో మనిషి, చాలాసార్లు అమ్మాయే, వాళ్ళ భుజాల సందులోంచి తెర చూడాలి. అటెండెన్సు మాత్రం ముగ్గురికీ సమానం, కాబట్టి ‘కంప్యూటర్ అనుభవం’ కూడా సమానమే.

‘నేను చేయగలను’ అన్న నమ్మకానికి నాలుగు ఊటలున్నాయని 1977లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడు: తాను స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాడు చేస్తుంటే చూడటం, ‘నీవల్ల అవుతుంది’ అని ఇంకొకరు అనడం, తన ఒంట్లో దడ ఎంతుందో గమనించుకోవడం. మన ల్యాబు మొదటిది ఒకడికి, రెండోది ఇద్దరికి, నాలుగోది అందరికీ పంచింది. మూడోది సిలబస్‌లో లేదు.

ఇక టర్బో సి, అంటే సి భాషలో ప్రోగ్రాములు రాసి నడిపే పాత సాఫ్ట్‌వేర్. 1990ల నాటి ఈ నీలం తెర ఇప్పటి 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు గనక దాన్ని డాస్‌బాక్స్ అనే, పాతకాలపు డాస్ కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్‌లో కూర్చోబెడతారు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. టర్బో సి లో కంట్రోల్ ఎఫ్9 అంటే ‘ప్రోగ్రామ్ నడుపు’. డాస్‌బాక్స్‌కు అవే మీటలు ‘దుకాణం కట్టెయ్’. సెట్టింగు మార్చని సిస్టమ్‌లో ఎట్టకేలకు వంతు దొరికిన ఆ అమ్మాయి బోర్డు మీద రాసింది రాసినట్టే నొక్కుతుంది. తెర మాయం. ఎఫ్2తో సేవ్ చెయ్యని నలభై లైన్లూ మాయం.

“ఏం నొక్కావమ్మా?”

“ఏం నొక్కలేదు సార్!”

ఈ జవాబు వచ్చిందంటే ఆ రోజు పాఠం ఒంటబట్టినట్టే. డాస్‌బాక్స్‌లో కంట్రోల్ ఎఫ్1 నొక్కితే ఏ మీటకు ఏ పనో మార్చుకునే కీ మ్యాపర్ వస్తుంది. అందులో షట్‌డౌన్‌కు కట్టిన మీటలు తీసేసి సేవ్ చెయ్యడం రెండు నిమిషాల పని. కానీ తరతరాల ఆచారం రెండు నిమిషాల్లో చెరపమంటే ఎలా?

ఎర్రర్ల విషయంలోనూ ఇదే నిష్ఠ పాటించాలి. ఆరో లైను చివర సెమికోలన్ మరిస్తే ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వేలు ఏడో లైను మీద పెడుతుంది. తర్వాతి మాట చదివితేగాని దానికి లోటు తెలియదు మరి. ఈ ఒక్క ముక్కా పిల్లలకు పొరపాటున కూడా చెప్పకూడదు. ఏ తప్పూ లేని ఏడో లైనును పావుగంట చూసిన కుర్రాడు, తప్పు తన బుర్రలోనే ఉందని తనంతట తానే తేల్చుకుంటాడు. మనం తిట్టే శ్రమ కూడా ఉండదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నిటినీ గుణించే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్. 5 ఇస్తే 120 వస్తుంది, శుభం. ఎవడో తెంపరి 8 ఇస్తాడు. 40320 రావాల్సిన చోట -25216 వస్తుంది. టర్బో సి లో అంకెను దాచే ‘ఇంట్’ అనే డబ్బాకు 16 బిట్లే. 32767 దాటితే అంకె గిర్రున తిరిగి మైనస్‌లో పడుతుంది. “నీ తప్పు కాదురా, డబ్బా చిన్నది. ఇంట్ తీసి పెద్ద డబ్బా లాంగ్ పెట్టు, ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ డి బదులు పర్సెంట్ ఎల్‌డి రాయి” అని ఎవరైనా అన్నారో, వాడు అలా మార్చి 40320 చూశాడో, ఇక వాడు యంత్రానికి భయపడడు. రేపు 13 ఇస్తాడు, లాంగ్ కూడా చాలక మళ్ళీ తప్పొస్తుంది, ఈసారి కారణం వాడే చెబుతాడు. అంతదాకా రానివ్వకూడదు. “రికార్డులో ఏముందో అదే ఇవ్వు” అనాలి.

రికార్డంటే గుర్తొచ్చింది. కుడి పేజీలో పెన్నుతో ప్రోగ్రామ్, ఎడమ పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్. తెర మీద కనబడని అవుట్‌పుట్ కూడా పెన్సిల్‌తో చక్కగా వస్తుంది, ఎర్రర్లుండవు. దాని మీద ఎర్ర సిరా సంతకం పడ్డాక కుర్రాడి ముఖంలో కనిపించేదాన్నే మనవాళ్ళు ఆత్మవిశ్వాసం అంటారు.

అది పరీక్ష పెట్టడానికి బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చేరోజు దాకా నిలుస్తుంది. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, స్లిప్పు తీయించి, ఫ్యాక్టోరియల్ నడపమంటాడు. వీడికి గొంతు తడారిపోతుంది.

“ఎంత ఇమ్మంటారు సార్?”

ఆయన మానిటర్ మీది బొట్టు వంక ఒకసారి చూసి, కాస్త వెనక్కి జరిగి అంటాడు: “5 ఇవ్వవయ్యా, చాలు.”