చెప్పుకు పెట్టిన దండం

ఇది జరిగి మూడు రోజులే అయింది. ఇంకా తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి కాబట్టి మొదటి భాగం గబగబా చెప్పేస్తాను.

నేనిప్పుడు చైనాలో, జియాంగ్‌షీ ప్రావిన్స్‌లో, జింగ్‌డెజెన్ అనే ఊళ్లో ఉన్నాను. వెయ్యేళ్లుగా పింగాణీ తప్ప ఇంకో ధ్యాస లేని ఊరు. 1004లో సోంగ్ వంశపు చక్రవర్తి ఇక్కడి గిన్నెలు చూసి ముచ్చటపడి తన పాలనాకాలానికి పెట్టుకున్న పేరునే ఊరికి ఇచ్చేశాడంటారు. వీధి దీపాల స్తంభాలు కూడా పింగాణీవే. వేసవి వస్తే దేశదేశాల నుంచి మట్టి పని చేసేవాళ్లు ఇక్కడికి దిగుతారు. నెలకింత అని కట్టి ఒక బల్ల, కుండలు తిప్పే ఒక సారె, ఒక మంచం తీసుకుని పని చేసుకుంటారు. దాన్ని రెసిడెన్సీ అంటారు. మా పెద్దమ్మ మాత్రం ‘ఎదురు డబ్బులిచ్చి మట్టి పిసకడం’ అంటుంది.

ఆ పెద్దమ్మ కోసమే ఇదంతా. పోయినేడాది తణుకులో వాళ్లింటి అటక మీంచి ఆవకాయ జాడీ దించుతూ వదిలేశాను. వాళ్ల అత్తగారి కాలం నాటి జాడీ. పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అదే తట్టుకోలేకపోయాను. ‘చైనా వెళ్లి అసలు సిసలు పింగాణీ జాడీ నా చేత్తో చేసి తెస్తా’నని నోరు జారాను. అప్పటి నుంచి ఈ ఏటి ఆవకాయ ఒక ప్లాస్టిక్ డబ్బాలో అద్దెకుంటోంది. వారానికోసారి ఫోన్ చేసి, ‘ఊట పైకి తేలిందిరా, పాపం దానికి అక్కడ నచ్చినట్టు లేదు’ అని చెబుతుంది.

మట్టి తెచ్చాను, తిప్పాను, ఆరబెట్టాను, పలచగా చెక్కాను, మామిడి పిందెలు నీలం రంగుతో గీశాను, కాలాక గాజులా మెరిసే పూత, అదే గ్లేజు, ఊదాను. పద్దెనిమిది రోజులు. ఆ భాగం బాగానే జరిగింది కాబట్టి అందులో చెప్పడానికేమీ లేదు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. మన దగ్గర స్టూడియోల్లో కుండను ముందు ఒకసారి తక్కువ వేడిలో కాల్చి, గట్టిపడ్డాక గ్లేజు పూసి, మళ్లీ కాలుస్తాం. ఇక్కడి పాత పద్ధతిలో ఆ మొదటి కాల్పు లేదు. ఎండిన పచ్చి కుండ మీదే బొమ్మ, దాని మీదే గ్లేజు, ఆ తర్వాత ఒకే ఒక్కసారి 1300 డిగ్రీల దాకా మంట. అంటే బట్టీలోకి వెళ్లేదాకా అది కుండ కాదు, కుండలా నిలబడ్డ పిండి. అప్పడాన్ని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. కాలాక ఆరో వంతు దాకా చిక్కిపోతుంది కూడా. పెద్దమ్మకు 30 సెంటీమీటర్ల జాడీ కావాలంటే 36 సెంటీమీటర్లు చేయాలి. నేను చేసింది సరిగ్గా 36. రోజూ పొద్దున్నే స్కేలు పెట్టి చూసుకునేవాణ్ణి, పెరుగుతుందేమో అన్నట్టు.

శుక్రవారం మూడూ నలభైకి మా ప్రోగ్రాం గ్రూపులో మెసేజ్ వచ్చింది. ‘ఉమ్మడి బట్టీ నింపడం నాలుగింటికి ఆపేస్తారు, ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి.’ పక్కన రెండు పువ్వులు, ఒక నవ్వు మొహం. డబ్బు కట్టించుకునేటప్పుడు పంపిన కాగితంలో ‘కాల్పు దశలో పూర్తి సహాయం’ అని లావు అక్షరాల్లో ఉంది. ఆ సహాయం ఈ పువ్వులేనని అప్పుడు అర్థమైంది.

ఉమ్మడి బట్టీ అంటే మన ఊళ్లో పిండిమర లాంటిది. సొంత బట్టీ లేనివాళ్లు తమ సామాను మోసుకొస్తారు. తీసుకున్న జాగాను బట్టి డబ్బు. బట్టీ మేస్త్రీ, అంటే ఇక్కడి మాటలో షిఫు, ఎవరిది ఎక్కడ పెట్టాలో, మంట ఎప్పుడు పెంచాలో చూసుకుంటాడు.

జాడీని పొడుగాటి చెక్క పలక మీద పెట్టాను. తోడుగా రెండు చిన్న ఊరగాయ గిన్నెలు. మూతను పాత బట్టలో చుట్టి వీపు సంచిలో వేసుకున్నాను. పలక రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని బయల్దేరాను. బయట ఉడికించి వదిలిపెడుతున్న ఎండ. ఇక్కడివాళ్లు ఇలాంటి పలకను భుజం మీద వేసుకుని, దాని మీద పచ్చి గిన్నెలు వరసగా పేర్చుకుని, ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్లిపోతారు. 1712లో దాంత్రకోల్ అనే ఫ్రెంచి పాద్రీ ఈ ఊరి గురించి రాసిన ఉత్తరంలో, జనం కిటకిటలాడే వీధుల్లో రెండేసి పలకలు మోసుకుంటూ ఒక్క పాత్ర కూడా పగలకుండా నడిచే కూలీలను చూసి విస్తుపోయాడు. ఎవరైనా తగిలితే నష్టం వాళ్లే కట్టాలి కాబట్టి జనం కూడా ఒద్దికగా తప్పుకునేవాళ్లట. ఆ మర్యాద ఇంకా పోలేదు. నన్ను చూసి ఒక స్కూటర్ ఆగింది, పుచ్చకాయల బండివాడు పక్కకు లాక్కున్నాడు, ఒక కుక్క కూడా లేచి వెళ్లిపోయింది. ఇంత గౌరవం నాకు హైదరాబాద్‌లో పెళ్లికొడుకునై గుర్రం ఎక్కినప్పుడు కూడా దొరకలేదు.

నాలుగుకు రెండు నిమిషాల ముందు బట్టీ షెడ్డులో అడుగుపెట్టాను. గెలిచాననే అనుకున్నాను.

షిఫుకి అరవై దాటి ఉంటాయి. బనీను పొట్ట పైదాకా మడుచుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గాజు సీసాలో టీ తాగుతున్నాడు. లోపల పెట్టమన్నట్టు గడ్డంతో చూపించాడు. ఆయనకూ బట్టీ తలుపుకూ మధ్య సందు సన్నం. పలక చాటున కింద ఏముందో నాకు కనపడదు. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి అడుగు వేశాను. కాలికి మెత్తగా ఏదో తగిలింది.

ఇక్కడ కాస్త ఆగాలి. కాలు తగిలితే ఏం చేస్తామో మీకు చెప్పక్కర్లేదు. మనిషికి తగిలినా, పుస్తకానికి తగిలినా, బియ్యం బస్తాకు తగిలినా చెయ్యి దానికి తాకించి కళ్లకద్దుకుంటాం. మా ఇంట్లో ఇది పెద్దమ్మ శాఖ. చిన్నప్పుడు చీపురుకు కాలు తగిలితే లక్ష్మి అని దండం పెట్టించేది, చాటకు తగిలితే పెట్టించేది. ఒకసారి క్యాలెండర్ ఊడి నా కాలి మీద పడితే, తప్పు దానిదైనా నాతోనే పెట్టించింది. అది ఒంట్లో ఇంకిపోయింది. ఆ మధ్య మెట్రోలో ఎవరిదో లాప్‌టాప్ బ్యాగ్‌కి కాలు తగిలితే వంగి దండం పెట్టాను. సరస్వతే కదా. ఆయన నన్ను పాలసీలు అంటగట్టే మనిషనుకుని రెండు సీట్లు అవతలికి జరిగాడు. కళ్లకద్దుకునే ఈ పనికి మెదడుతో సంబంధం లేదు. తుమ్ములాంటిది. వచ్చాక తెలుస్తుంది.

పైగా ఎదురుగా ఉన్నది ఎవరు? పెద్దాయన. గురువు. నా జాడీకి ప్రాణం పోయాల్సినవాడు. ఈ ఊళ్లో బట్టీలకు దేవుడున్నాడు కూడా. మింగ్ వంశపు కాలంలో చక్రవర్తి అడిగిన పెద్ద తొట్టెలు ఎంతకీ సరిగా కాలకపోతే, తోంగ్ బిన్ అనే పనివాడు మంటలోకి దూకేశాడని, అప్పుడే అవి కుదిరాయని కథ. ఆయనకే గుళ్లు కట్టి మొక్కుతున్నారు. అలాంటి ఊళ్లో, బట్టీ గుమ్మంలో, బట్టీ పెద్దకు కాలు తగిలించాను.

కుడి చెయ్యి నన్ను అడగలేదు.

పలకను వదిలేసింది. కిందికి వెళ్లింది. తాకింది. ‘అయ్యయ్యో, సారీ అండీ’ అని నోరు శుద్ధమైన తెలుగులో అంది. చెయ్యి కుడి కంటికి వెళ్లింది. ఈలోగా పలక కుడి చివర దిగడం మొదలైంది. ముందు చిన్న గిన్నెలు వెళ్లిపోయాయి, పిల్లలు జారుడుబండ మీద వెళ్లినట్టు. వాటి వెనక జాడీ. జాడీ తొందరపడలేదు. పెద్ద ముత్తయిదువలా నెమ్మదిగా, కొంచెం తిరుగుతూ, నేను గీసిన మామిడి పిందెలు ఒక్కొక్కటే నాకు చూపించుకుంటూ జరిగింది. అప్పుడైనా పట్టుకోవచ్చు. చెయ్యి ఖాళీగానే ఉంది. కానీ ఆ చెయ్యి అప్పుడు ఎడమ కంటి వైపు ప్రయాణంలో ఉంది. రెండో కన్నుకు కూడా అద్దుకున్నాను. సగంలో ఆపితే లెక్కలోకి రాదు కదా.

పింగాణీ పగిలితే ఖంగుమనాలి. ఇది పచ్చిది. సున్నం మూట కింద పడ్డట్టు ‘దబ్’ అంది, అంతే. తెల్లటి దుమ్ము లేచింది. కాసేపు అక్కడే ఆలోచించి, నా మీదా, షిఫు బనీను మీదా, ఆయన టీ సీసాలోనూ దిగింది. వంగిన ఊపులో నేను కూడా మోకాళ్ల మీద పడ్డాను.

దుమ్ము తేరుకున్నాక కింద చూశాను. నా కాలు తగిలింది షిఫు కాలికి కాదు. ఆయన రెండు కాళ్లూ కుర్చీ మీదికి మడుచుకుని హాయిగా బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. కింద ఉన్నది చెప్పు. నీలం రంగు ప్లాస్టిక్ చెప్పు, ఎడమ కాలిది. లోపల ఎవరూ లేరు.

‘కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు’ అన్నారు మనవాళ్లు. గుదియ అంటే దుడ్డుకర్ర. అంత దాకా ఎందుకు, చెప్పు చాలింది. ఒక పాత్ర తయారవడానికి 72 చేతులు మారాలని సోంగ్ యింగ్‌షింగ్ అనే పండితుడు 1637లో రాశాడు. ఆయన లెక్కలో లేని 73వ చెయ్యి నాది.

ఫోన్ తీసి అనువాదం యాప్‌లో, ‘నా కాలు మీకు తగిలిందనుకుని క్షమాపణ కోసం ముట్టుకున్నాను’ అని చెప్పాను. లోపలి ఆడగొంతు షెడ్డంతా వినపడేలా చైనీస్‌లో ఏదో ప్రకటించింది. ఏమందో దానికే తెలియాలి. షిఫు ఒకసారి నన్ను, ఒకసారి చెప్పును చూశాడు. కాసేపు ఆలోచించి, రెండో చెప్పు కూడా కాలితో నా వైపు తోశాడు. తీసుకోమన్నట్టు. ఆ తర్వాత ఒక సిగరెట్ కూడా ఇచ్చాడు. నాకు అలవాటు లేదని చెప్పడానికి మళ్లీ యాప్ తెరిచే ధైర్యం లేక చెవి మీద పెట్టుకున్నాను.

ఆయన సహాయకుడు చీపురుతో జాడీని ఊడ్చి నీళ్ల బకెట్‌లో వేశాడు. కాలిన పింగాణీ అయితే కనీసం పెంకులు మిగిలేవి. ఇక్కడ రాజుగారి బట్టీల్లో వంకరపోయినవాటిని పగలగొట్టి పాతిపెట్టేవారు, ఇప్పుడు వాటిని తవ్వి తీసి అతికించి మ్యూజియంలో అద్దాల వెనక పెట్టారు. పచ్చి మట్టికి ఆ భాగ్యం లేదు. బకెట్‌లో ముక్కలు చిటపటమని బుడగలు వదిలాయి, అంచులు రాలాయి, చివరికి ఒక్క మామిడి పిందె పైకి తేలినట్టు కనపడి అదీ కరిగిపోయింది. టీ చల్లారే టైం కూడా పట్టలేదు.

సంచిలో మూత మాత్రం క్షేమం. షిఫు దాన్ని తీసుకుని, వేలితో దుమ్ము తుడిచి, నా పేర రాసిన జాగాలో మధ్యలో పెట్టాడు. అంత జాగాలో అదొక్కటే, ఖాళీ బస్సులో పాస్ ఉన్న పెద్దమనిషిలా కూర్చుని కాలింది. ఆదివారం తెచ్చుకున్నాను. బ్రహ్మాండంగా వచ్చింది. గోటితో కొడితే గుడిగంటే.

పెద్దమ్మ వీడియో కాల్ చేసింది. మూతను కెమెరాకు బాగా దగ్గరగా పెట్టి చూపించాను.

‘‘ఎంత తెలుపురా! పాలమీగడలా ఉంది. ఏదీ, జాడీ చూపించు.’’

‘‘నెట్ సరిగా లేదు పెద్దమ్మా.’’

తోటకూర కట్ట కూడా ఫోన్‌తో స్కాన్ చేసి కొనే ఊరిది. అదృష్టం, ఆ సంగతి తణుకు దాకా చేరలేదు.

అసలు సంగతి నిన్న తెలిసింది. షెడ్డులో ఎవరో వీడియో తీశారట. మా ప్రోగ్రాం వాళ్లు దాన్ని గ్రూపులో పెట్టారు. కింద రాసినదాన్ని యాప్‌లో వేసి చూస్తే, ‘భారతీయ కళాకారుడు బట్టీ దేవుడికి తన తొలి పాత్రను బలి ఇచ్చే ప్రాచీన ఆచారం’ అని వచ్చింది. నలభై మంది చప్పట్లు పెట్టారు. మూడూ నలభైకి మెసేజ్ పెట్టిన ఆవిడే మొదటి చప్పట్లు. కాదు మొర్రో, జారిపోయింది అని రాశాను. దానికీ చప్పట్లే వచ్చాయి. ఆ వెంటనే బిల్లు వచ్చింది. జాగా మొత్తానికి. జాడీ లేదు, మూత ఒక్కటే కాలిందంటే, జాగా జాడీకే తీసుకున్నారు కదా అన్నారు.

ఈ పొద్దున ఆవిడ తలుపు కొట్టింది. శనివారం ముగింపు ప్రదర్శనకు ఊరి పెద్దలు వస్తున్నారట, ఆ ఆచారం మళ్లీ ఒకసారి చేసి చూపించాలట. పచ్చి జాడీ నేనే చేసుకోవాలి. చెప్పులు మాత్రం వాళ్లే ఇస్తారట.