పాత ప్రమాణానికి సెలవు చెప్పక తప్పదు

సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాషకు 2011లో కొత్త ప్రమాణం, అంటే భాషా నియమాల అధికారిక రూపం, వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకొకటి చొప్పున మరికొన్ని వచ్చాయి. అయినా ఆ భాషలో రాసేవారు వాడుకునే సిద్ధ కోడ్ భాండారమైన బూస్ట్ సముదాయంలోని ఎన్నో లైబ్రరీలు 2003 నాటి ప్రమాణాన్ని కూడా ఏళ్ల తరబడి భరించాయి. వాటిలో పలు లైబ్రరీలు 2023లో ఇక చాలన్నాయి. నన్నడిగితే అది తొందరపాటు కాదు, ఆలస్యంగానైనా తీసుకున్న సరైన నిర్ణయం.

పాత ప్రమాణంలో ఎన్ని ఆర్గ్యుమెంట్లనైనా (కోడ్‌కు అందించే విలువలు, రకాలు) స్వీకరించే టెంప్లేట్లు (రకరకాల డేటాకు పనికొచ్చే కోడ్ అచ్చులు) లేవు. పది ఆర్గ్యుమెంట్ల దాకా పనిచేయాలంటే పది రూపాలు రాయాలి, లేదా కోడ్‌ను తామే రాసిపెట్టే మాక్రోలతో పుట్టించాలి. చదవడానికి కష్టం, కంపైల్ కావడానికి, అంటే యంత్రం నడపగల రూపంలోకి మారడానికి, ఆలస్యం. పైగా ఏ చిన్న మార్పు చేసినా కొత్త దారిలోనూ పాత దారిలోనూ పరీక్షించాలి. పాత దారిని వాడేవారు తగ్గేకొద్దీ అందులోని లోపాలు బయటపడడమూ తగ్గుతుంది. ఈ చాకిరీలో చాలా భాగం జీతం లేని స్వచ్ఛంద నిర్వాహకుల సాయంత్రాల మీద పడుతుంది.

విమానాల్లో, వైద్య పరికరాల్లో వాడే సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అక్కడ కంపైలర్ మారిస్తే ధ్రువీకరణ పనంతా మళ్లీ మీద పడవచ్చు. ఆ ఇబ్బంది నిజమైనదే. కానీ కంపైలర్‌నే మార్చలేని చోట లైబ్రరీ కొత్త హంగులతో పనేముంది? వారికి కావలసింది భద్రతా సవరణలు. పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సాధనం జాంగో ఆ పని చక్కగా చేసింది. 2017 డిసెంబరులో వచ్చిన దాని 2.0 విడుదల ఆ భాష పాత రూపమైన పైథాన్ 2ను వదిలేసింది, దానికి ముందున్న 1.11 విడుదలకు మాత్రం 2020 ఏప్రిల్ దాకా సవరణలు అందాయి.

అందరూ ఒకేసారి మారాలని కాదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ 2022లో 5.18 విడుదలతో సీ భాష 1989 నాటి ప్రమాణం సీ 89 నుంచి 2011 నాటి సీ 11కు మారింది. లెక్కలేనన్ని రకాల యంత్రాల్లో నడవాల్సిన, నెట్‌లో డేటా పంపే, తెచ్చే సాధనం కర్ల్ మాత్రం తెలిసే సీ 89ను పట్టుకొని ఉంది. రెండూ ఆలోచించి తీసుకున్న నిర్ణయాలే.

నేను ఒప్పుకోలేనిది చెప్పాపెట్టకుండా చేసే మార్పును. చిన్న సవరణ అనుకొని తెచ్చుకున్న విడుదల బిల్డ్‌ను, అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారయ్యే పనిని, ఆపేస్తే వాడేవారికి కోపం రావడం న్యాయం. కనీస ప్రమాణాన్ని పెంచుతున్నట్టు ఒకటి రెండు విడుదలల ముందే ప్రకటించాలి. గడువు దాటాక కూడా పాత మద్దతు కావాలనే సంస్థలు లైబ్రరీ పాత రూపాన్ని విడిగా నడిపే మనుషులకు జీతం ఇవ్వాలి.