ఈ జాబితాలో ఇంకొక నవల ఉండాలి

డాక్టర్ల జీవితం మీద వచ్చిన నవలల గురించి మీరు రాసింది బాగుంది. అబ్రహం వర్గీస్ ‘ది కవనెంట్ ఆఫ్ వాటర్’ (2023) లేకపోవడమే వెలితి. కేరళలో ఒక కుటుంబం, 1900 నుంచి 1977 దాకా. తరానికి ఒకరైనా నీళ్లలో మునిగి చనిపోతుంటారు. శాపమా, జబ్బా? ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే మనవరాలు మరియమ్మ మద్రాసు మెడికల్ కాలేజీలో చేరుతుంది. రచయిత కూడా అక్కడ చదివిన డాక్టరే, అందుకే ఆ అనాటమీ క్లాసు పేజీలు ఊపిరి బిగబట్టి చదివాను. నేను రోజూ చెన్నై సెంట్రల్ స్టేషన్‌లో దిగి ఆ కాలేజీ ముందు నుంచే ఆఫీసుకు వెళ్తాను. ఇప్పుడు ఆగి చూడకుండా పోలేకపోతున్నాను. 700 పేజీలు దాటుతుంది, మొదట్లో కాస్త నిదానం, ఓపిక పట్టండి. మరియమ్మ నాయనమ్మ, ఆ ఇంటి పెద్దావిడ బిగ్ అమ్మచ్చి గురించి చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చి రెండుసార్లు పుస్తకం పక్కన పెట్టేశాను.