ముప్పై దాటాక చదువెందుకన్న మెసేజీకి నా జవాబు

నెల రోజులుగా ఒక వాట్సాప్ మెసేజీ మా ఊరి గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. పైన "మొక్కై వంగనిది మానై వంగునా" అని పెద్ద అక్షరాలు. కింద వరసగా ఐదు మాటలు. ఇరవై ఐదేళ్లకు మెదడు ఎదగడం ఆగిపోతుంది, తర్వాత కొత్తది ఎక్కదు. ఏ విద్య రావాలన్నా పదివేల గంటలు కావాలి, సంసారం ఈదేవాళ్లకు అంత తీరిక దొరకదు. చిన్నప్పుడు రాని ఇంగ్లీషు పెద్దయ్యాక రాదు. దూరవిద్య డిగ్రీకి విలువ లేదు. అయినా అన్నీ యూట్యూబులో ఉన్నాయి, ఏఐ చేసిపెడుతోంది, ఇక నేర్చుకోవడం దేనికి? చివర్లో, పది మందికి పంపండి అని.

నేను నెల్లూరు జిల్లాలో ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్‌లో పదకొండేళ్లుగా ఆదివారం కాంటాక్ట్ క్లాసులు చెబుతున్నాను. నా ముందు బెంచీల మీద పంతొమ్మిదేళ్ల మెకానిక్ కుర్రాడూ కూర్చుంటాడు, నలభై దాటిన అంగన్‌వాడీ ఆయా కూడా కూర్చుంటుంది. పోయిన నెలలో ముప్పై ఎనిమిదేళ్ల ఒకావిడ, పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతుండగా రావడం మానేసింది. ఫోన్ చేస్తే, "మా మరిది ఆ మెసేజీ పంపించాడు సార్. నా బుర్రకు ఇంక ఎక్కదంట గదా" అంది. అప్పటిదాకా ఆ మెసేజీని పట్టించుకోలేదు. ఆ ఫోన్ తర్వాత పట్టించుకోక తప్పలేదు.

ముందు సామెత సంగతి. అది పిల్లల నడవడిక గురించి పెద్దలు చెప్పుకున్న మాట. చదువుకు, పనితనానికి దాన్ని తెచ్చి అతికించడం సరికాదు. అసలు మాను సంగతే చూద్దాం. కాపు తగ్గిన ముసలి మామిడిచెట్టును తోటలవాళ్లు కొట్టి పారేయరు. కొమ్మలు నరికి, కొత్త చిగుళ్లు వచ్చాక వాటి మీద కావలసిన రకం అంటు కడతారు. వేరు పాతది, కాయ కొత్తది. పాత వేరు బలంగా ఉండబట్టే ఆ అంటు త్వరగా అందుకుంటుంది.

ఇక ఇరవై ఐదేళ్ల లెక్క. ఇది పూర్తిగా పుట్టించిన అబద్ధం కాదు, ఒక నిజాన్ని మెలితిప్పిన మాట. నుదుటి వెనక ఉండే మెదడు భాగం, అంటే ఆలోచించి ఆచితూచి అడుగేయించే భాగం, పరిపక్వానికి రావడానికి ఇరవయ్యో పడి దాకా సమయం పడుతుందని స్కానింగు పరిశోధనల్లో తేలింది. 2004లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనంలో నాలుగేళ్ల పిల్లల నుంచి 21 ఏళ్ల వాళ్ల దాకానే చూశారు. ఆ పైన వయసున్నవాళ్లను అందులో చూడనే లేదు. పరిపక్వం కావడమంటే తలుపు మూసుకుపోవడం కాదు. పండిన పంటను చూసి పొలం బీడైపోయిందని ఎవరూ అనరు.

పెద్దవాళ్లను చూసిన పరిశోధనలు వేరే ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది లండన్ టాక్సీ డ్రైవర్లది. అక్కడ నల్ల టాక్సీ నడపాలంటే చారింగ్ క్రాస్ అనే కూడలి చుట్టూ ఆరు మైళ్లలో ఉన్న పాతిక వేల వీధులను నోటికి నేర్చుకోవాలి. మూడు నాలుగేళ్లు పడుతుంది. నేర్చుకునేవాళ్లంతా పెద్దవాళ్లే. ఎలినార్ మెగ్వైర్ అనే శాస్త్రవేత్త 2000లో ఈ డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేస్తే, దారులను గుర్తుపెట్టుకునే హిప్పోకాంపస్ అనే భాగంలో వెనక వైపు మామూలు వాళ్లకంటే పెద్దదిగా కనిపించింది. పుట్టుకతోనే అలాంటి మెదడున్నవాళ్లే డ్రైవర్లు అవుతున్నారేమో అని అనుమానం రావచ్చు. ఆ అనుమానం ఆమెకూ వచ్చింది. అందుకే ఆమె బృందం శిక్షణ మొదలుపెట్టబోతున్న 79 మందిని ముందే స్కాన్ చేసి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూసింది. పరీక్ష నెగ్గినవాళ్లు 39 మంది. మొదట్లో అందరి మెదళ్లూ ఒకేలా ఉన్నాయి. తర్వాత మాత్రం నెగ్గినవాళ్లకే ఆ భాగం పెరిగింది. 2011లో ఈ ఫలితం వచ్చింది. నేర్చుకున్నందుకే మెదడు మారిందని దీని అర్థం. అరవై ఏళ్లవాళ్లకు మూడు బంతులు గాల్లో తిప్పడం నేర్పి స్కాన్ చేసినప్పుడు కూడా మెదడులో మార్పు కనిపించింది. కుర్రాళ్లంత నేర్పుగా అందరూ తిప్పలేకపోయారు, అది ఒప్పుకోవలసిందే. కానీ నేర్చుకున్నారు.

మా జిల్లాలో దీనికి స్కానింగు మిషను అక్కర్లేదు. దూబగుంట అనే ఊరి పేరు చెబితే చాలు. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు, పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు వెలుగులో పలక పట్టారు. వాళ్ల వాచకంలో సారా వల్ల కుటుంబం ఎలా చితికిపోతుందో చెప్పే సీతమ్మ కథ పాఠంగా ఉండేది. చదివారు, ఇది మన ఊరి కథే గదా అనుకున్నారు, లేచి సారా బండిని ఆపారు. 1992లో జిల్లా అంతటా పాకిన ఆ ఉద్యమం 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ ఆడవాళ్లలో ఇరవై ఐదు దాటినవాళ్లెందరో! వాళ్ల మెదళ్లు మూసుకుపోయి ఉంటే ఆ పాఠం ఎవరు చదివారు? అదే రోజుల్లో పక్క రాష్ట్రంలోని పుదుక్కోట్టైలో అక్షరాలతో పాటు సైకిల్ తొక్కడం కూడా నేర్పితే, వేల మంది ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని రోడ్డెక్కారు.

పదివేల గంటల మాట ఎంతమందిని భయపెట్టిందో చెప్పలేను. దీని మూలం 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్ సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన. అందరికంటే బాగా వాయించే వాళ్లు ఇరవై ఏళ్లు వచ్చేసరికి సగటున పదివేల గంటలు సాధన చేశారని అందులో లెక్క తేలింది. సగటు అంటే, ఆ మేటి విద్యార్థుల్లోనూ అంత చేయనివాళ్లు ఉన్నారు. పదిహేనేళ్ల తర్వాత ఒక పుస్తకంతో అది ప్రపంచమంతా సూత్రంలా పాకిపోయింది. తన పరిశోధనను తప్పుగా చదివారని ఎరిక్సనే తర్వాత రాశాడు. ఆయన చెప్పింది ఎన్ని గంటలు అని కాదు, ఆ గంటలు ఎలా గడిపారని. రాని చోట ఆగి, గురువుతో తప్పు దిద్దించుకుని, మళ్లీ అదే చేయడం.

అయినా అది ప్రపంచ స్థాయి కచేరీ చేసేవాళ్ల లెక్క. మా సెంటర్‌కొచ్చే ఆవిడకు కావలసింది పదో తరగతి పాస్. ఆయాగా ఉన్నావిడకు అంగన్‌వాడీ టీచర్ కావాలంటే ముందు కావలసింది కూడా ఆ సర్టిఫికెట్టే. కారు తీసుకోండి. డ్రైవర్ శిక్షణ కేంద్రాలకు గుర్తింపు ఇవ్వడానికి కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల్లో కారు శిక్షణకు పెట్టిన సమయం 29 గంటలు, నాలుగు వారాల్లో పూర్తి చేయాలి. రోజుకు రెండు గంటల చొప్పున, ఆదివారాలు తీసేసి మూడు నెలలు కుట్టు మిషను నేర్చుకుంటే నూటయాభై గంటలు. ఆ నూటయాభై గంటల్లో లైనింగ్ జాకెట్టు కుట్టి, మజూరీ తీసుకోగలిగిన ఆడవాళ్లను మా వీధిలోనే చూపిస్తాను. పదివేల గంటలు అనే మాట వినగానే ఆ మొదటి నూటయాభై కూడా మొదలుపెట్టకుండా పోయినవాళ్లు ఎందరో.

ఇంగ్లీషు విషయంలో మెసేజీ రాసినవాళ్ల దగ్గర ఒక నిజం ఉంది, దాన్ని దాచను. దాదాపు ఆరు లక్షల డెబ్బై వేల మంది రాసిన ఒక ఇంటర్నెట్ వ్యాకరణ పరీక్షను విశ్లేషించి 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పదిహేడు పద్దెనిమిదేళ్ల తర్వాత కొత్త భాష వ్యాకరణం పట్టుకునే వేగం తగ్గుతుంది. ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్లంత సహజంగా, ఎక్కడా తడబడకుండా మాట్లాడటం గురించిన లెక్క అది. మనలో ఎవరికి అది కావాలి? షాపులో బిల్లు చదవాలి, ఆఫీసుకు ఒక లెటరు రాయాలి, డాక్టరు చీటీ మీద ఏముందో తెలియాలి, కొడుకు స్కూల్ మీటింగులో నాలుగు మాటలు మాట్లాడాలి. ఇవన్నీ వస్తాయి. ఉచ్చారణలో తెలుగు వినిపిస్తుంది. వినిపించనివ్వండి. పైగా పదసంపద వయసుతో పాటు పెరుగుతూనే ఉంటుంది, యాభై అరవై దాటాక కూడా. మన ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన తాపీ మేస్త్రీలు, డ్రైవర్లు ఒక్క పాఠం కూడా వినకుండా హిందీ, అరబీ మాట్లాడుతూ తిరిగి రావడం చూస్తూనే ఉన్నాం గదా.

దూరవిద్య దగ్గర మెసేజీ చెప్పింది తప్పే కాదు, ప్రమాదకరం కూడా. ఈ దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు నేల మీదే పుట్టింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో పుట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. విలువ సంగతికొస్తే, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2020 నిబంధనల్లో స్పష్టంగా రాసి, 2022 సెప్టెంబరులో మళ్లీ ప్రకటన ఇచ్చింది: గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ వచ్చిన డిగ్రీ, కాలేజీకి వెళ్లి తెచ్చుకున్న డిగ్రీతో సమానం.

జాగ్రత్త పడవలసిన చోట్లున్నాయి, అవి మెసేజీలో లేవు కాబట్టి నేను చెబుతాను. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, లా లాంటివి దూరవిద్యలో చేయడానికి అనుమతి లేదు. ఎవరైనా ఇప్పిస్తామంటే నమ్మకండి. చేరబోయే యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో చూసుకున్నాకే ఫీజు కట్టండి. పది ఫెయిలై ఆగిపోయినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు ఓపెన్ పది, తర్వాత ఓపెన్ ఇంటర్, ఆ తర్వాతే డిగ్రీ. దగ్గరి దారులు చూడొద్దు, తర్వాత ఉద్యోగం దగ్గర మెట్టు తప్పిందని అడుగుతారు. ఓపెన్ స్కూల్లో ఒకసారి అడ్మిషన్ తీసుకుంటే ఐదేళ్ల దాకా సబ్జెక్టు తర్వాత సబ్జెక్టు రాసుకోవచ్చు. ఈ ఏడు లెక్కలు పోతే పై ఏడు లెక్కలొక్కటే రాస్తే చాలు. కూలి పనులున్నవాళ్లకు ఇంతకంటే అనువైన ఏర్పాటు నాకు తెలియదు.

యూట్యూబు మాట కొంత నిజం. నేనూ చూస్తాను, మా వాళ్లకూ పంపుతాను. కానీ చూడటానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరం పెద్దది. 2018లో ఇద్దరు పరిశోధకులు కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. సామాన్లున్న బల్ల మీది గుడ్డను ఏమీ పడకుండా లాగే విద్య వీడియోను కొందరికి ఇరవై సార్లు చూపించారు. చూసే కొద్దీ "నేను చేయగలను" అన్న ధీమా పెరిగింది. బాణాలు విసరడం లాంటి వేరే విద్యల్లో వీడియో చూపించి నిజంగా చేయించి చూస్తే, చేయగల సామర్థ్యం మాత్రం అంతగా పెరగలేదు. చంక రౌండ్ కత్తిరించే వీడియో వంద సార్లు చూసినా, కత్తెర పట్టుకుని ఒక పాత చీర ముక్క పాడు చేయనిదే ఆ వంపు చేతికి రాదు. లెక్కలూ అంతే. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద మొదటి నుంచి చేసి చూసుకుంటేనే నిలుస్తుంది. ఏఐ గురించి పెద్దగా చెప్పను. అది రాసిచ్చిన లెటర్లో తప్పుంటే పట్టుకోవడానికి లెటరు రాయడం వచ్చి ఉండాలి.

మెసేజీలో లేనిది ఒకటుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. వయసు అడ్డమని తిప్పి తిప్పి చెప్పారు, సమయం ఎవరి చేతిలో ఉందో ఒక్కసారీ చెప్పలేదు. పదకొండేళ్లలో నా క్లాసు మానేసినవాళ్లను గుర్తుచేసుకుంటే, బుర్రకెక్కక మానేసినవాళ్లు చాలా తక్కువ. ఆదివారం చుట్టాలొచ్చారని, అత్తగారికి ఒంట్లో బాగోలేదని, షాపు యజమాని సెలవు ఇవ్వలేదని, ఈ వయసులో బ్యాగు తగిలించుకుని ఎక్కడికని వీధిలో ఎవరో అన్నారని మానేశారు. ఇవన్నీ బయట ఉన్న అడ్డాలు. వాటిని తీసుకెళ్లి చదువుకోవాలనుకునే ఆడమనిషి తలలో పెట్టారు. తప్పు తన మెదడుదే అని ఆమె నమ్మితే ఇక ఆమెకు బదులు ఎవరూ ఆదివారం పొయ్యి దగ్గర నిలబడాల్సిన పని లేదు.

మగవాళ్లకూ ఇదే జరుగుతుంది, ఇంకో వైపు నుంచి. భార్యకు ఆపరేషనయ్యాక మా సహోద్యోగి ఒకాయన యాభై ఆరో ఏట వంట నేర్చుకున్నాడు. మొదటి వారం అన్నం అడుగంటింది, పప్పు ఉడకలేదు. మూడో నెలకు ఆయన చారు పెడితే ఇంటిల్లిపాదీ అడిగి పోయించుకుంటున్నారు. ఆయనకు అన్నాళ్లూ అడ్డుపడింది వయసు కాదు, "మగాడికి వంటేంటి" అన్న మాట.

ఈ జవాబును మా ఊరి గ్రూపులో కూడా పెట్టాను. ఆ మెసేజీ పంపిన మరిది నాకు తెలిసినవాడే. మంచివాడు, వదిన మీద ద్వేషంతో పంపలేదు, అందరూ పంపుతుంటే పంపాడు. అతనికి విడిగా ఫోన్ చేసి ఒకటి అడిగాను: పరీక్షల దాకా ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా మీ వదిన పిల్లలిద్దరినీ నువ్వు చూసుకోగలవా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ ఆదివారానికైతే చూస్తాను సార్" అన్నాడు. ఆవిడ లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది. త్రికోణమితి దగ్గర కాగితం గుర్తు పెట్టి ఉంది.