ఊపిరి లెక్కల్లో ఇంత దుబారానా?

ఖాళీ గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే బీపీ పెరిగే మనిషిని నేను. టూత్‌పేస్ట్ అయిపోయిందని ఇంట్లోవాళ్లు పారేస్తే దాన్ని చపాతీ కర్రతో ఒత్తి ఇంకో నాలుగు రోజులు లాగిస్తా. అలాంటోడి ఒంట్లోనే పుట్టినప్పట్నుంచి ఇంత దుబారా జరుగుతోందని మొన్న రాత్రి మావాడి బయాలజీ పుస్తకం తిరగేస్తే గానీ తెలీలేదు, ఆ తర్వాత ఇంకేం నిద్ర.

లెక్క చూడండి. ఊరికే కూర్చున్నా నిమిషానికి పదిహేను సార్లు, సారికి అర లీటరు చొప్పున గాలి లాగుతాం. రోజుకి సుమారు 10 వేల లీటర్లు, అంటే మన 20 లీటర్ల వాటర్ క్యాన్లతో కొలిస్తే 500 క్యాన్లు. అందులో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి ఓ 105 క్యాన్ల సరుకు. వాడుకునేది ఎంతయ్యా అంటే పాతిక! బయటికి వదిలే గాలిలో ఇంకా 16 శాతం ఆక్సిజన్ ఉంటుందట. 80 క్యాన్ల మంచి సరుకు సీల్ కూడా విప్పకుండా వీధిలో పారబోస్తున్నాం, అడిగేవాడు లేడు.

పోనీ లాగిన అర లీటరైనా మొత్తం లోపలికి చేరుతుందా అంటే అదీ లేదు. 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, గాలిగొట్టం దాకా వచ్చి అట్నుంచటే వెళ్లిపోతాయి. గుమ్మం దాకా వచ్చి కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయే చుట్టాలంటే నాకు ప్రాణం గానీ, గాలి కూడా అలా చేస్తే ఎలా.

స్థలం తక్కువై ఇలా జరుగుతోందేమో అనుకున్నా. కాదు. ఊపిరితిత్తుల్లో 30 కోట్ల పైచిలుకు బుల్లి గాలి తిత్తులున్నాయి, అన్నీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, అంటే 84 గజాలు. ఊరి బయట వెంచర్లో అంత ప్లాట్ కొనాలంటే నేను ఇంకో జన్మ ఎత్తాలి, ఇక్కడేమో రిజిస్ట్రేషన్ లేకుండా ఛాతీలో మడతపెట్టి ఇచ్చాడు. (పంపకాల్లో మాత్రం అన్యాయం ఉంది, కుడిదానికి మూడు వాటాలు, ఎడమదానికి రెండే, గుండెకి చోటివ్వాలని దాన్ని సర్దుకోమన్నారట.)

రక్తం సంగతి ఇంకా ఘోరం. 2021 సెకండ్ వేవ్‌లో బేరం కూడా ఆడనివ్వకుండా నాచేత కొనిపించిన ఆక్సీమీటర్ డ్రాయర్లోంచి తీసి పెట్టుకున్నా, 98 చూపించింది, మురిసిపోయా. తీరా చూస్తే రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ అలా 98 శాతం నిండి బయల్దేరి, ఒళ్లంతా తిరిగి గుండెకి వాపసు వచ్చేసరికి ఇంకా 75 దాకా నిండే ఉంటుందట. బస్సు 98 మందితో బయల్దేరి, ఊళ్లన్నీ తిరిగి, 75 మందిని దించకుండానే డిపోకి తెచ్చేసినట్టు! మా డాక్టర్ని నిలదీస్తే, "మీ లిఫ్ట్ చెడిపోయి నాలుగో అంతస్తుకి మెట్లెక్కిన రోజు ఆ మిగిలిందే వాడతారండీ, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదితే ఎదుటివాడు బతికేది కూడా మీరు పారబోసే ఆ 16 శాతంతోనే" అన్నాడు. సరే, అత్యవసర నిధి అన్నమాట, ఒప్పుకున్నా.

అయినా పొదుపు నా వంతుగా మొదలెడదామని సోఫాలో కూర్చుని ముక్కు మూసుకున్నా. 40 సెకన్లు దాటేసరికి లోపల తిరుగుబాటు. ఆక్సిజన్ అయిపోయి కాదండోయ్, అది బోలెడుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోందని మెదడు అడుగున మెడుల్లా అనే చిన్న ముక్క గోల పెడుతుందట. చెత్తబండి రాలేదని ధర్నా తప్ప, స్టాకు గురించి బెంగ లేదు దానికి. ఇంటి పెద్దని నేను వద్దన్నా ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రం అనే కండరం దభాలున కిందికి లాగేసి గాలి తెచ్చేసుకుంది.

ఇన్నిట్లో నాకు నచ్చిన పొదుపు ఒక్కటే కనబడింది. పోయే గాలిని ఊరికే పోనివ్వకుండా గొంతులో స్వరతంత్రుల మీదుగా పంపి, దాంతోనే మాట పుట్టిస్తారట, వేరే ఖర్చు లేదు. ఈ సంగతి మా ఆవిడకి అరగంట సేపు విడమరిచి చెప్పా. పప్పు తాలింపు పెడుతూ అంతా విని, "అంటే ఏవండీ, మీరు రోజంతా మాట్లాడేది వాడి పారేసిన గాలితోనా? నాకెప్పట్నుంచో అనుమానంగానే ఉంది" అంది.